ఆపద ఫోనుకు ఒక్క రియాలు

ఆ రోజుల్లో మా అందరి దగ్గరా ఫోన్లు ఉండేవి, ఫోన్లలో బ్యాలెన్స్ మాత్రం ఉండేది కాదు. కతార్‌లో వరల్డ్ కప్ కోసం స్టేడియాలు లేస్తున్న కాలం అది. ముఐథర్‌లో మేము పనిచేసే విల్లాల వీధి చుట్టూ రోడ్లన్నీ తవ్వి పోసి ఉండేవి. పొద్దున కూరగాయలకు వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. నేను అక్కడ ఒక ఇంట్లో వంటమనిషిని. నలభై అయిదేళ్ళు నిండిన పద్దెనిమిదో రోజున జీవితంలో మొదటిసారి ఉద్యోగంలో చేరినదాన్ని కాబట్టి, వయసు సంగతి ఎలా ఉన్నా, ఉద్యోగంలో మాత్రం అప్పటికి నాకు రెండేళ్ళే, అంటే పసిపిల్లనే. పసిపిల్లలకుండే ధైర్యం కూడా నాకు నిండా ఉండేది. నాకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం.

బ్యాలెన్స్ లేని ఫోన్లతో మేము మాట్లాడుకునేది మిస్డ్ కాల్స్‌తోనే. ఒకసారి మోగితే ‘చేరాను’ అని, రెండుసార్లు మోగితే ‘నువ్వు చెయ్యి’ అని, మూడుసార్లు మోగితే ‘మేడమ్ వస్తోంది, ఇంక నాకు చెయ్యకు’ అని. ఇంత చక్కటి ఏర్పాటులో ఉన్న లోపం నాకు 2015 జనవరి 22న, గురువారం, తెలిసివచ్చింది. ఇంట్లోవాళ్ళంతా ఉమ్ సలాల్‌లో బంధువుల తోటకు వెళ్ళారు. నేను వంటింట్లో పప్పు కడిగిన నీళ్ళ మీద కాలు వేసి జారి పడ్డాను. చీలమండ మెలిపడింది. లేవలేను. ఫోనులో ఉన్నది ముప్పై దిర్హాములు, అంటే రియాలులో మూడో వంతు కూడా లేదు. ముగ్గురికి రెండేసిసార్లు మోగించాను. ముగ్గురూ వెంటనే స్పందించారు. ముగ్గురూ నాకు తిరిగి రెండేసిసార్లు మోగించారు! ‘నువ్వు చెయ్యి’ అంటే ‘కాదు నువ్వే చెయ్యి’ అని గంటా యాభై నిమిషాలు మేము నలుగురం ఒకరినొకరు పిలుచుకుంటూనే ఉన్నాం. ఇంట్లోవాళ్ళు తిరిగొచ్చి లేపేదాకా నేను ఆ నేల మీదే పడి ఉన్నాను. నేల చల్లదనం కన్నా, ఎవరూ ఎత్తరేమోనన్న భయం నన్ను ఎక్కువ వణికించింది.

కాలు నేల మీద ఆనిన రోజునే ఆపద ఫోను పథకం పెట్టాను. ఒక పాత బటన్ల ఫోను, అందులో ఎప్పుడూ పది రియాళ్ళకు తగ్గని బ్యాలెన్స్. అది నా నడుముకు సంచిలో వేలాడుతుంది. వీధిలో మనవాళ్ళు ఎవరికి ఆపద వచ్చినా దానికి మిస్డ్ కాల్ ఇస్తే చాలు, నేను తిరిగి చేస్తాను; అంబులెన్సుకైనా పోలీసుకైనా నేనే చేస్తాను. ఖర్చు ఎలా? ఎవరు రీఛార్జి కార్డు కొన్నా దాని మీద ఒక్క రియాలు అదనం. వసూలు చేసేవాడు కార్డుల తమ్ముడు. (జగిత్యాల మనిషి, సందు చివరి కిరాణా కొట్లో పనిచేసేవాడు. ముప్పై దాటినా నాకు తమ్ముడే.) అతను మొదట కాస్త నసిగాడు.

“అక్కా, మనూర్ల నూట ఎనిమిదికి కొడితే పైసల్ పడయ్ గద? ఈడ గూడ గట్లనే ఉంటదేమో. ఓపారి అడిగి జూద్దామా?”

“అది మన ఊరు నాయనా. ఇక్కడ మంచినీళ్ళు కూడా సీసాల్లో కొనుక్కుంటున్నాం. అంబులెన్సు ఊరికే వస్తుందా? అడిగితే నవ్విపోతారు” అన్నాను.

“నువ్వు జెప్పినంక ఇంగేముంది” అని అతను బిస్కెట్ల డబ్బా ఒకటి ఖాళీ చేసి పెట్టాడు. (ఆ మాటలో ఎగతాళి ఉందని నాకు తట్టడానికి రెండు నెలలకు పైగా పట్టింది.)

పథకం జోరుగా సాగింది, నేను అనుకున్న దారిలో కాదు గాని. రియాలు కట్టినవాళ్ళందరికీ కట్టినదానికి ఫలితం దక్కాలని ఉంటుంది కదా. పాపం, ఎవరికీ ఆపదలు రావడం లేదు. దాంతో ఉన్నవాటినే ఆపదలు చేసుకున్నారు. ఎదురింట్లో పిల్లల్ని చూసుకునే అమ్మాయి, మా కోనసీమదే, నేను చిన్నమ్మి అనేదాన్ని. ఆమె ఒకరోజు రెండుసార్లు మోగించింది. పొయ్యి ఆపి, గుండె చేత్తో పట్టుకుని తిరిగి చేశాను.

“పిన్నీ, పులిహోరలో చింతపండు ఎక్కువైపోయిందండి. ఇప్పుడేం చెయ్యనండీ?”

“ఇది ఆపదటే?”

“మీకు కాదేమోనండి. ఇంకో పావుగంటలో తినేది నేను కదా! ఆరు రియాళ్ళు కట్టాను, ఒక్కసారి కూడా వాడుకోలేదు.”

బెల్లం ముక్క వెయ్యమని చెప్పి పెట్టేశాను. మేడమ్ నవ్విందా కోప్పడిందా తెలియడం లేదని ఒకరు, ఊళ్ళో ఆవు ఈనిందా లేదా కనుక్కోమని ఇంకొకరు. వాటన్నిటి లెక్క నా దగ్గర ఉంది: తొమ్మిది వారాల్లో ఎనభై ఆరు పిలుపులు, ఆపదలు సున్న.

రియాలు కట్టనివాడు ఒక్కడే. పక్కింటి హౌస్ డ్రైవరు, కడప మనిషి. ఏది అడిగినా అరబ్బీలో ‘మాఫీ’ అనేవాడు, లేదని. అందుకే మేమందరం మాఫీ అనే పిలిచేవాళ్ళం. కార్డు కొని, రియాలు అడగ్గానే అరచేతులు రెండూ తిరగేసి చూపించేవాడు.

“మాఫీ ఫులూస్ అక్కా, దుడ్లు లేవు. ఆపద వచ్చినపుడు ఇస్తాలే. రాని ఆపదకు ఇప్పుడే ఎందుకు?”

“వచ్చాక ఇచ్చేది పన్ను కాదయ్యా, లంచం!”

“నీ చేతికి లంచమైనా ఇస్తాగాని, డబ్బాలో మాత్రం ఎయ్యను” అని, ఇక పద అన్నట్టు ‘యల్లా’ అంటూ బండెక్కి వెళ్ళిపోయేవాడు.

నాకు ఒళ్ళు మండింది. ‘ప్రతి కార్డు మీద ఒక్క రియాలు. కట్టనివారి కాల్ ఎత్తబడదు’ అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి, అతను రోజూ చూడక తప్పని చోట, వాళ్ళ విల్లా పక్కగేటు దగ్గర, అతని గది ముందు అతికించాను. ఎండకు గోడ మీద టేపు నిలవలేదు. గేటు పక్కన నున్నటి రేకు పలక ఒకటి కనిపించింది. దాని మీద ఎంత చక్కగా అతుక్కుందో! నాలుగు మూలలకూ రెండేసి వరసల టేపు వేశాను. నేను ఏ పనీ సగం చెయ్యను.

ఏప్రిల్ 9, గురువారం, మధ్యాహ్నం రెండూ ఇరవై. ఆపద ఫోను మోగింది. చూస్తే మాఫీ నంబరు. ‘ఎత్తబడదు’ అనుకున్నాను. మళ్ళీ మోగింది. ఈసారి కొంచెం సంతోషం కూడా వేసిందని ఒప్పుకోవాలి. మూడోసారి మోగినప్పుడు, బాగా నాలుగు చీవాట్లు పెట్టి, నోటీసు చదువుకోమందామని తిరిగి చేశాను.

“అక్కా…” అన్నాడు. తర్వాత కాసేపు ఊపిరే వినిపించింది. “రొమ్ము మీద బండ పెట్టినట్టుండాది. ఎడమ చెయ్యి లేస్తల్యా. రియాలు ఇస్తా అక్కా, పెట్టెయ్యద్దు.”

ఎలా పరుగెత్తానో తెలియదు, కాలు మెలిపడిన సంగతి కూడా గుర్తులేదు. అతను పనిచేసే ఇంటివాళ్ళు దేశంలో లేరు. గదిలో మంచం మీద చెమటతో తడిసి ముద్దై కూర్చుని ఉన్నాడు. అంబులెన్సుకు మూడు తొమ్మిదులు నొక్కాను. ఒక అమ్మాయి ఎత్తింది. నాకు వచ్చిన హిందీలో గుండె నొప్పి అన్నాను. ఎక్కడ అని అడిగింది. మనం అడ్రసు ఎలా చెబుతాం? అలాగే చెప్పాను. “పెద్ద రౌండబౌట్ దాటాక, మసీదు వెనక, తెల్ల గేటు.”

“అమ్మా, ఆ రౌండబౌట్ కిందటి వారం తీసేశారు” అంది. బయటకు వచ్చి చూస్తే వీధిలో గేట్లన్నీ తెల్లవే. అప్పుడామె నెమ్మదిగా అడిగింది: “ఇంటి గోడ మీద నీలం పలక ఉంటుంది, దాని మీద అంకెలుంటాయి. చదువుతారా?”

తేదీ, వారం, పప్పు తూకం, ఒకటనేమిటి, అన్నీ రాసి పెట్టుకునే నేను రెండేళ్ళుగా ఆ అంకెలు ఒక్కసారి కూడా చూడలేదు. పలక కోసం గేటు దగ్గర వెతికాను. నీలం రంగు ఎక్కడా లేదు. నోటీసు ఒక్కటే నన్ను చూస్తోంది. ‘కట్టనివారి కాల్ ఎత్తబడదు.’ అంచున వేలెడంత నీలం.

పీకితే రాదే! రెండేసి వరసలు వేసినదాన్ని నేనే. గోళ్ళతో గీకి, పళ్ళతో కొరికి, ఆ అమ్మాయి “అమ్మా, ఉన్నారా?” అని అడుగుతూ ఉండగా ‘ఉన్నా, ఉన్నా, నా తెలివి పీకుతున్నా’ అని తెలుగులో అరుస్తూ చించాను. జోన్, వీధి, ఇల్లు, మూడు నంబర్లూ చదివాను. అంబులెన్సు పదమూడు నిమిషాల్లో వచ్చింది. ఆ పదమూడు నిమిషాలూ మాఫీ చెయ్యి పట్టుకుని తిడుతూనే కూర్చున్నాను, ఇంకేం చెయ్యాలో తెలియక.

మనిషి దక్కాడు. సమయానికి తెచ్చారన్నారట ఆస్పత్రిలో. ఆ సాయంత్రం బ్యాలెన్స్ చూశాను. మాఫీకి తిరిగి చేసినదానికి తప్ప ఒక్క దిర్హాము తగ్గలేదు. నమ్మక మళ్ళీ చూశాను. కార్డుల తమ్ముడి దగ్గరకు వెళితే, అతను డబ్బా వైపు చూడకుండా అన్నాడు: “అడిగిన అక్కా మొన్న. బ్యాలెన్స్ సున్నా ఉన్నా పోతదంట. నీకు జెప్పాల్నంటే భయమైంది.”

మరుసటి శుక్రవారం, సెలవు రోజున మనవాళ్ళంతా చేరే ఏషియన్ టౌన్‌లో అందరినీ కూర్చోబెట్టి, నిలబడి ఒప్పుకున్నాను. పథకం నా తెలివితక్కువతనం, అంబులెన్సుకు ఫోను ఊరికే వెళుతుంది, మీ రియాళ్ళు తీసుకోండి అన్నాను. చిన్నమ్మి, “అయితే పులిహోర సంగతి అడగాలంటే వాళ్ళకే చెయ్యాలాండీ?” అంది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

మాఫీ డ్యూటీలో చేరిన రోజు వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చాడు. చిక్కిపోయాడు. నేనే అన్నాను, “ఇప్పుడు తెలిసింది కదా, ఊరికేనని. ఇకమీదట ఏమైనా అయితే నేరుగా వాళ్ళకే కొట్టు. నాకు మూడుసార్లు కొట్టి కూర్చోకు. రెండుసార్లు ఎత్తలేదు నేను, తెలుసా?”

“తెలుసక్కా. మొదట వాళ్ళకే కొడతా.” గుమ్మం మీదే కూర్చున్నాడు. “తర్వాత నీకు కొడతా.”

“మళ్ళీ నాకెందుకు?”

“వాళ్ళు బండి పంపిస్తారు గాని తిట్టరు గదక్కా. నువ్వు తిడతాంటే, ఇంటికాడ ఉన్నట్టుండి భయం పోయింది నాకు.”

ఇప్పుడు తలచుకుంటే, నడుముకు ఫోను కట్టుకుని, తానే ఒక ప్రభుత్వమైనట్టు వీధిలో తిరిగిన ఆ మనిషిని చూసి నవ్వొస్తుంది. ఆమె పెట్టిన నియమాల్లో ఒక్కటీ నిలవలేదు. పన్ను ఎత్తేశాక కూడా ఆ ఫోను రోజుకు మూడు నాలుగుసార్లు మోగేది. ఏదీ ఆపద కాదు. ఉప్పు, పులుపు, ఊరి కబుర్లు. కతార్ వదిలి వచ్చేదాకా మొదటిసారికే ఎత్తేదాన్ని. తిట్టడం మాత్రం మానలేదు.