ఏనుగు బొమ్మ కింద ఆవు పాఠం

ఈ ఉదయం బటాంగ్ బెర్జుంటై ఊళ్లోని మా రబ్బరు తోట బడికి ఇన్‌స్పెక్టరు దొర పరీక్షకు వచ్చాడు. మా అమ్మాయి పైడమ్మ ఆవు పాఠం గడగడా చదివేసింది. పొంగిపోయి పంతులికి మా కోడిపెట్టను ఇచ్చి వచ్చాను. సాయంత్రం వాచకంలో ఏనుగు బొమ్మ ఉన్న పేజీ తీసి చదవమంటే, పిల్ల అక్షరాల కింద వేలు జరుపుతూ మళ్లీ ఆవు పాఠమే అప్పజెప్పింది.

పంతులింటికి పరుగెత్తి నిలదీశాను.

"ఏటి సేయమంటావన్నా? దొర ఏటా అదే అడుగుతాడు. పిల్లలు తప్పితే బడి మూసేత్తారు. అందుకే ఏడాదంతా అదొక్కటే సెప్పినాను," అన్నాడు. మా పెట్ట అప్పటికే పొయ్యి మీద ఉడుకుతోంది.

ఇంటికొచ్చేసరికి పైడమ్మ తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఏనుగు బొమ్మ చూపిస్తూ ఆవు పాఠం చెబుతోంది. ఆ పిల్లకు నేనేం చెప్పను? మీరైతే ఏం చెబుతారు?