ఒక్క ఫీజు, మూడు రోగాలు

వంద రూపాయలు మిగుల్చుకోబోయి ఒక మనిషిని మిగలకుండా చేయబోయిన ఘనుణ్ని నేను. ఇది నన్ను నేను తిట్టుకోవడం కాదు, ఉన్న మాట. తెలివి తక్కువవాడు చేసే తప్పు చిన్నగా ఉంటుంది. నాది తెలివైనవాడి తప్పు, అందుకని అంత పెద్దదయింది.

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా జావా నేర్పుతామన్న కాగితాలే కనిపించే రోజులవి. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఒక గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. నేను భీమవరం నుంచి వచ్చి పంజాగుట్టలో ఒక కంపెనీలో టెస్టర్‌గా చేరాను. అంటే వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. ఖలీల్‌ది జనగామ, శ్రీనుది కరీంనగర్. ఇద్దరూ మైత్రీవనంలో కోర్సులు చేస్తూ ఉద్యోగాలకు తిరిగేవాళ్లు. గది మొత్తానికీ ఆరోగ్య బీమా కార్డు ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. దాన్ని మెడలో వేసుకునే పడుకునేవాణ్ని. మీరు కాస్త తగ్గించుకుని నమ్మండి.

మొదట్లో డాక్టరు ఖర్చంతా కంపెనీదే. ఊరికే వస్తే నాకొకటి, మా తాతకొకటి అన్నట్టు, నాలుగు వెంట్రుకలు రాలినా క్లినిక్కు వెళ్లేవాణ్ని. ఆఫీసులో అందరూ నాలాంటివాళ్లే. చూసి చూసి కంపెనీ కొత్త రూలు పెట్టింది. వెళ్లిన ప్రతిసారీ వంద రూపాయలు మన జేబులోంచి ఇవ్వాలి, మందుల్లోనూ పరీక్షల్లోనూ ఐదో వంతు మనమే కట్టాలి. మర్నాటి నుంచి మా ఫ్లోరంతా ఆరోగ్యవంతులే. ఉద్యోగుల ఆరోగ్యం మెరుగుపడిందని హెచ్ఆర్ వాళ్లు లడ్డూలు పంచారు. నా పక్క సీటాయన బీపీ మాత్రను సగానికి విరిచి వేసుకుంటూనే ఆ లడ్డూ తిన్నాడు.

అలాంటి సమయంలో నాకు కడుపులో మంట మొదలైంది. శ్రీనుకి ఒళ్లంతా దురద. ఖలీల్‌కి మూడు వారాలుగా దగ్గు, సాయంత్రమయితే జ్వరం, మనిషి సగమయ్యాడు.

"డాక్టరుకి చూపించుకో" అన్నాను.

"పైసల్ యాడున్నయ్ మూర్తి భాయ్? ఫీజు, ఎక్స్‌రే, మందులు. ఫికర్ జేయకు, తగ్గుతది" అన్నాడు ఖలీల్.

శ్రీను మంచం మీద గోక్కుంటూ అన్నాడు. "అన్నకు కార్డున్నది గదా. గా వందకే ముగ్గురి రోగాలు చెప్పొస్తే అయిపాయె."

పిండి కొద్దీ రొట్టె అంటారు. వంద ఇచ్చాక ఒక్క రోగమే చెప్పుకోవడం దుబారా కాదూ? మూడూ కాగితం మీద రాసుకుని, బస్సులో బట్టీ పట్టి మరీ వెళ్లాను.

డాక్టరమ్మ గారు పెద్దావిడ, కళ్లజోడు మీదినుంచి చూసే రకం. "ఏంటి బాబూ సమస్య?"

"కడుపులో మంటండి. దురదండి. మూడు వారాలుగా దగ్గండి, సాయంత్రం జ్వరమండి. ఎనిమిది కేజీలు తగ్గానండి."

ఆవిడ నా పొట్ట వంక చూశారు. "తగ్గాక ఇదా?"

"ఇదివరకు ఇంకా ఉండేదండి."

"ఏదీ, దగ్గు."

దగ్గాను.

"అది గొంతు సవరించుకోవడం" అన్నారు ఆవిడ. అయినా అనుమానం పెద్దదే పట్టుకుంది. ఎక్స్‌రే, కఫం పరీక్ష, రక్తం పరీక్ష రాశారు. నా ఐదో వంతు కట్టేసరికి మిగుల్చుకున్నదంతా హరించుకుపోయింది. అయినా పౌరుషం ఒకటుందిగా, కట్టేశాను.

రెండు రోజులకి ఫలితం వచ్చింది. "ఛాతీ శుభ్రంగా ఉంది. క్షయ లేదు, ఏమీ లేదు" అన్నారావిడ. నేను గదికి పరుగెత్తాను.

"ఖలీల్, నీ ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయట."

"అల్లా కా షుకర్. నేన్ చెప్పలే?" అన్నాడు వాడు, దగ్గుతూనే.

ముగ్గురం ఇరానీ హోటల్‌కి పోయి చాయ్ తాగాం. ముగ్గురం ఇంజనీర్లం. ఆ ఫిల్ములో ఉన్న ఛాతీ ఎవరిది అన్న ప్రశ్న ఒక్కడికీ తట్టలేదు. పాడైన యంత్రాన్ని వదిలేసి, పక్కనున్న దాన్ని పరీక్షించి పాసయిందని రాశాను. నెలకోసారి జీతం తీసుకుంటున్నది ఆ పనికే.

ఆవిడ రాసిచ్చిన దగ్గు సిరప్పు తియ్యగా ఉందని ఖలీల్‌తో పాటు నేనూ తాగాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక పొద్దున ఖలీల్ పళ్లు తోముకుంటూ దగ్గాడు, సింకులోకి చూసి నెమ్మదిగా అన్నాడు. "భాయ్, నెత్తురు."

ఆ ఛాతీ నాదని అప్పుడు వెలిగింది. భయమూ సిగ్గూ రెండూ ఒకేసారి వచ్చాయి. వాణ్ని ఆటోలో ఎక్కించుకుని అదే డాక్టరమ్మ గారి దగ్గరికి తీసుకెళ్లాను, పూర్తి ఫీజు నేనే కట్టాను.

"ఎన్నాళ్లయింది?" అని అడిగారావిడ.

"ఐదు వారాలు మేడం. పొద్దుమీకితే జ్వరమొస్తది. పది కిలోలు తగ్గిన."

రాస్తున్న కలం ఆగింది. ఆవిడ కళ్లజోడు మీదినుంచి నన్ను చూశారు.

"బాబూ, నువ్వు తగ్గిన ఎనిమిది కేజీలు ఇతనివా?"

"అవునండి."

"మరి ఆ ఎక్స్‌రే?"

"అది నాదేనండి."

ఆవిడ అరిచినా బాగుండేది. "క్షయకి సర్కారు దవాఖానాలో పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. ఒక్క పైసా కట్టక్కర్లేదు" అన్నారు అంతే. ఆ దవాఖానా అమీర్‌పేటలోనే ఉంది. రోజూ నా బస్సు దాని ముందే ఆగేది.

ఈసారి ఆ దవాఖానాలో ఎవరి ఛాతీని వాళ్ల పేరు మీదే పరీక్ష చేశారు. నాకూ శ్రీనుకీ ఏమీ లేదు. ఖలీల్‌కి క్షయే, ఆరు నెలల మందులు. అక్కడ పొట్లం చేతికిచ్చి పంపరు, రోజు విడిచి రోజు వెళ్లి నర్సమ్మ కళ్లముందే మింగాలి. ప్రాయశ్చిత్తంగా నేనూ వెంట వెళ్లేవాణ్ని. మొదటి రోజే ఆవిడ అడిగింది.

"ఈయన ఎవరు? ఎందుకొచ్చిండు?"

ఖలీల్ నీళ్ల గ్లాసు పట్టుకుని చాలా గంభీరంగా చెప్పాడు. "నా రోగం గీయనే చెప్పిండు మేడం, నా ఎక్స్‌రే గీయనే దిగిండు. ఇగ గోలీలు సుత గీయనే మింగుతడేమో, జర చూస్తుండుండ్రి."

ఆరు నెలలూ నర్సమ్మ వాడి నోటితో పాటు నా నోరూ తెరిపించి చూసింది. ఖలీల్ బతికి బట్టకట్టి, ఉద్యోగం తెచ్చుకుని, ఇప్పుడు నాకన్నా లావుగా ఉన్నాడు. కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఫీజు వంద కాదు, వెయ్యయినా సరే, ఈ జన్మలో ఇంకొకరి తరఫున దగ్గను.