బాలకిషన్ చెవికందని రొద

మా ఆయన బాలకిషన్ ఆబిడ్స్‌లో పియానోలు బాగుచేస్తాడు. ఇంట్లో నేను పిలిస్తే పలకడం మానేసి చాలా కాలమైంది. మొగుళ్లందరికీ ఉన్న జబ్బే కదా అని సరిపెట్టుకున్నాను. చెవులు పోతున్నాయని దవాఖానలో డాక్టర్ తేల్చాక కూడా ఈ మహానుభావుడు బయట ఎవరికీ చెప్పనివ్వలేదు. తెలిస్తే పనికి ఒక్కరూ పిలవరని భయం. ఆ పని తప్ప ఆయనకు వేరే లోకం లేదు మరి.

మొన్న దసరా పోయాక నాంపల్లిలోని ఒక బడి నుంచి మనస్విని టీచర్ ఫోన్ చేసింది. ఎత్తింది నేనే. వాళ్ల పియానోలో మెట్టు మీంచి వేలు తీయగానే ఆగాల్సిన తీగ జుయ్‌మంటోందట. విషయం చెప్తే, నన్నూ వెంట రమ్మన్నాడు. ఎందుకని అడగలేదు, నాకు తెలుసు.

పియానో మూత తీస్తే లోపలంతా కుంకుమే. ఆయుధపూజ రోజు పిల్లలు భక్తికొద్దీ బొట్లు పెట్టి, అక్షింతలతో పాటు గుప్పెళ్లతో చల్లారట. వేలు తీసినప్పుడు తీగ మీద వాలి దాని నోరు మూయించే ఉన్ని దిమ్మెలుంటాయి, వాటిని డ్యాంపర్లంటారు. ఆ ఉన్నిలో పొడి ఇరుక్కుని గట్టిపడింది. ఆయన కుంచెతో దులిపాడు. సూదితో పొడుస్తూ ఉన్నిని మెత్తబరిచాడు. టీచర్ మెట్టు నొక్కి వదిలింది. ఆయన నా మొహంలోకి చూశాడు.

సన్నగా ఇంకా రొద వస్తూనే ఉంది. ఈ మాత్రం ఎవరికి వినిపిస్తుందిలెండి, చాలు అంది టీచర్, మర్యాదకు. నేను తలూపితే గండం గడిచేది. కానీ సగం పని చేసి ఇంటికొచ్చే మనిషి కాదాయన. ఆగలేదని చెయ్యి తిప్పాను. మళ్లీ సూది పట్టాడు.

ఈసారి తీగ ఠక్కున ఆగింది. టీచర్ చాలా బాగుందంటూ చెయ్యెత్తి చూపించింది. ఆయన అటు చూడనైనా లేదు.

"నువ్ చెప్పు విద్యా, ఆగిందా?"

ఆగిందని తలూపాను.

సామాన్లు సర్దుకున్నాడు. నేను కళ్లతోనే వద్దంటున్నా టీచర్ వైపు తిరిగాడు.

"నాకు ఇనవడ్తలేదు టీచరమ్మా. చేతులు నావే గని, ఇన్నది మా ఆమె. మల్ల పిలుస్తే ఇద్దర్ని పిలువుండ్రి."

ఇన్నాళ్లూ నా దగ్గర కూడా పైకి అనని మాట అది. గేటు దాకా ఆయన వెనకే నడుస్తూ గట్టిగా ఏడ్చాను. ఆయన తిరిగి చూడలేదు.