ఏ చానల్లో చూసినా మా వీధే

అడిగినవాళ్ళకి లేదనడం మా అత్తగారికి రాదు. మజ్జిగైనా, కరివేపాకైనా, వైఫై పాస్‌వర్డైనా ఒకటే. పొందూరు నుంచి ఆవిడ అక్క వస్తే మంచినీళ్ళకంటే ముందు పాస్‌వర్డే ఇచ్చారు.

శ్రీకాకుళంలో మా వీధికి మొదట వచ్చిన వైఫై మాదే. బడిలో ఉద్యోగం మానేసి, ఇంట్లోంచే పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్పడానికి పెట్టించుకున్నాను. మా ఆయన దుకాణం మూతపడ్డాక ఆ జీతమే మాకు ఆధారం. కంపెనీ ఇచ్చిన ట్యాబ్‌లోనే చెప్పాలి, దానికి నేరుగా నెట్ వైరు పెట్టే వీల్లేదు. అప్పటికే రెండు క్లాసులు మధ్యలో తెగిపోయాయి. ఇంకోసారి తెగితే వేరే టీచర్ని పెట్టుకుంటామని ఫోన్లో తీయగా చెప్పేశారు.

రౌటర్ పేజీ తెరిచి ఎవరెవరు తగులుకున్నారో చూస్తే కళ్ళు తిరిగాయి. పేర్లకి బదులు ఫోన్ల మోడళ్ళే ఉన్నాయి గానీ, ఎవరి చేతిలో ఏ ఫోనుందో తెలియని వీధి కాదు మాది. ఎదురింటి పెద్దమ్మ, ఆవిడ కోడలు, పక్క మేడ మీద అద్దెకున్నవాళ్ళు, ఆఖరికి ఇస్త్రీ బండి అతను కూడా.

"ఏటత్తా, ఇంతమందికి ఇచ్చీసినారేటి?" అన్నాను.

"అడిగినోళ్ళకి సెప్పొద్దా? తరిగిపోతాదేటి?"

తరిగిపోతుంది, అదే కదా నా గోల! ఆవిడకెలా చెప్పను? ఆ సాయంత్రమే అందర్నీ బ్లాక్ చేసి పాస్‌వర్డ్ మార్చేశాను. కొత్తది అత్తగారికి కూడా చెప్పలేదు. కొన్నాళ్ళు క్లాసులు హాయిగా సాగాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మళ్ళీ మొదలైంది. బొమ్మ ఆగిపోవడం, మాట ముక్కలవడం. రౌటర్లో చూస్తే నా ట్యాబ్ ఒక్కటే ఉంది. మరి ఏ దెయ్యం తింటోంది? చుట్టుపక్కల వైఫైలన్నీ చూపించే యాప్ ఒకటి వేసుకుని చూద్దును కదా, తెర నిండా వైఫైలే. నేను తరిమినవాళ్ళంతా ఇంటికొకటి పెట్టించుకున్నారు! వైఫై గాలిలో నడిచే దారిని చానల్ అంటారట; అందరూ ఒకే చానల్లో ఉంటే సంతలో అరుపుల్లా ఎవరి మాటా ఎవరికీ వినపడదట. ఒకదానికొకటి అడ్డురానివి మూడే చానళ్ళట. పోనీ మనమే మారదామని ఒకటో చానల్‌కి వెళ్తే అక్కడ పెద్దమ్మ, పదకొండుకి వెళ్తే మేడ మీద వాళ్ళు, ఆరులో మిగతా వీధంతా. నెత్తి బాదుకోవాలనిపించింది.

క్లాసు టైమైపోతోంది. సిగ్గు చంపుకుని గుమ్మం గుమ్మం తిరిగాను, ఒక్క గంట మీ వైఫై ఆపండి బాబూ అని. ఒక్కరైనా కాదంటే తిట్టుకుందునేమో, ఎవరూ కాదనలేదు. మేడ మీద వాళ్ళు నా ఎదురుగానే స్విచ్ కట్టేశారు. పెద్దమ్మ చేపలు కడుగుతున్నదల్లా లేచి, చేతులు తుడుచుకుని ప్లగ్గే పీకేసింది.

క్లాసు ఎక్కడా ఆగలేదు. ఉద్యోగం నిలబడింది. ఇంక వేసుకోవచ్చని చెప్పడానికి పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ ప్లగ్గు పెట్టలేదు.

"ఓలమ్మా, పాస్‌వర్డ్ మార్చీసిన పొద్దే వచ్చి ఓ ముక్క సెప్తే, నీ క్లాసప్పుడు మేం ఫోన్లు పక్కనెట్టీవోళ్ళం కదే!"