గంప సర్దినట్టే

నూకరత్నానికి కుదురుగా నిలబడటం రాదు. హుషారొస్తే చెప్పులోంచి కాలు తీస్తుంది, పెడుతుంది, మళ్లీ తీస్తుంది. ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ ఇంటర్వ్యూకి వచ్చిన ఈ పూటైతే ఆ కాలికి ఆగడమే లేదు. డిగ్రీలో అత్తెసరు మార్కులు, ఎంట్రన్సులో ఎక్కడో అడుగున ర్యాంకు. అయినా పిలిచారు! వరండాలో అందరూ మంచి సర్టిఫికెట్లు పైకి తెచ్చుకుంటుంటే, ఈ పిల్ల మాత్రం ఫైలుని జాలరిపేటలో వాళ్లమ్మ చేపల గంప సర్దినట్టే సర్దింది.

లోపల మేడం ఫైలు తెరవగానే జువాలజీ తప్పిన మెమో కనిపించింది.

"ఇది పైన పెట్టావేంటమ్మా?"

"మాయమ్మ మెత్తబడ్డ సేపలే పైనెడతాదండి. అయి సూసినా ఆగినోళ్లే కొంటారంటాది," అనేసి నాలిక కరుచుకుంది నూకరత్నం.

మేడం నవ్వలేదు. మెమో పక్కకు జరిపి, అడుగునున్న కాగితాల దాకా చెయ్యి పోనిచ్చింది. అవి నూకరత్నం రుషికొండ రాళ్ల మీద కూర్చుని గీసుకున్న సముద్రపు నత్తల బొమ్మలు. గంప అడుక్కి అలా చెయ్యి పెట్టినవాళ్లు ఉత్తి చేతులతో వెళ్లడం నూకరత్నం ఎప్పుడూ చూడలేదు.

బల్ల కింద కాలు మళ్లీ చెప్పులోంచి బయటికొచ్చేసింది.