మోకు విప్పిన చెయ్యి

యాదగిరిని నీళ్ల మీదికి తెచ్చింది తాటిచెట్టే. జగిత్యాల దగ్గరి ఊళ్లో అతను కల్లు గీసే గౌండ్లవాడు. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు వేసుకుని, పాదాలు మానుకు తన్నిపెట్టి వెనక్కి వాలితే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఆ చేతులతో గెల గీసుకోవాలి. సౌదీలోని రాస్ తనూరాలో మాత్రం అతని పని కంపెనీ బీచ్ క్లబ్బులో పడవలకు రంగు వేయడం, పగుళ్లు పూడ్చడం.

అవి చేపల పడవలు కావు. ఇద్దరే పట్టే తేలికైన పందెపు పడవలు. గాలి సోకితే చాలు, ఒక పక్కకి ఒరుగుతాయి. ఒకరు చుక్కాని పట్టుకుంటే, రెండోవారు తెరచాప కొయ్య మీంచి దిగిన తీగను నడుము పట్టీకున్న కొక్కేనికి తగిలించుకుని, అంచు మీద పాదాలు ఆనించి, ఒళ్లంతా సముద్రం మీదికి వాల్చాలి. ఆ బరువుకే పడవ నిలబడుతుంది. ఇంజినీరు కాలిన్‌కు ఆ రెండో మనిషి అతని భార్య. ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగగానే దొరలు తమ ఇంటివాళ్లను విమానాలెక్కించారు. తోడు లేక కాలిన్ ఒక శుక్రవారం సరదాకి యాదగిరికి పట్టీ కట్టాడు. కొత్తవాళ్లెవరైనా బిగుసుకుపోయి అంచు పట్టుకుంటారు. యాదగిరి వెనక్కి వాలి, చేతులు వదిలేసి, తర్వాతేమిటన్నట్టు చూశాడు.

ఆ రోజు నుంచి కాలిన్ అతణ్ణి వదల్లేదు.

యాదగిరి కాంట్రాక్టు అప్పటికే అయిపోయింది. పాస్‌పోర్టు కాంట్రాక్టరు ఆఫీసులో ఉంది. దాని మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని, మళ్లీ ఈ ఇసుక ముఖం చూడకుండా ఊరెళ్లాలని అతని కోరిక. యుద్ధం రాబోతుంటే పనివాణ్ణి పంపడానికి అక్కడి మేనేజరు ఒప్పుకోవడం లేదు. కాలిన్ చెబితే వింటాడు. కాలిన్ చెబుతానంటాడు. ఈ పందెం అవనీ అంటాడు.

పందెమంటే గిరగిరా తిరగడమే. కోస్ట్‌గార్డు వాళ్లు తీరానికి దగ్గర్లో ఎర్ర పీపాలు తేలగట్టి, అవి దాటితే కాలుస్తామన్నారు. అంత వేగంగా పోయే పడవలు ఆ పీపాల మధ్యే గానుగెద్దుల్లా చుట్టుకునేవి.

"నీ దొర నిన్ను పంపడురా," అన్నాడు క్యాంపులో అతని గదిలోనే ఉండే నర్సింలు, ఉల్లిగడ్డ తరుగుతూ. "దున్నెటెద్దును దుక్కి నడుమ ఎవడన్న ఇడుస్తడా?"

"ఈ పందెమైనంక మాట్లాడుత అన్నడు."

"పోయిన పందానికి ఏమన్నడు?"

"గదే అన్నడు."

"మరింకేంది! గెల్సుడు బంద్ వెట్టు. ఒక్కపారి దబ్బున పడు."

"నోర్ముయ్. కల్లు తాగెటోనికేం తెలుస్తది. మోకు మీదున్నోన్ని పట్టుకొని పడుమనద్దు."

నర్సింలు నవ్వేశాడు గాని, ఆ మాట యాదగిరిని వదల్లేదు. వాళ్ల ఊళ్లో చెట్టు మీంచి పడ్డవాడు బతికి బట్టకట్టినా మళ్లీ ఎక్కనివ్వరు. గౌండ్ల దేవుడు కాటమయ్య చెయ్యి తీసేశాడంటారు. వాడి మోకు అటక మీదికి, వాడు ఇంటికి. పడ్డవాణ్ణి ఇంటికి పంపడం ఎక్కడైనా ఉండేదే కదా అనుకున్నాడు యాదగిరి.

అదే వారం ఊరి నుంచి భార్య స్వర్ణ మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్ వచ్చింది. "రేడియోల లడాయి అంటున్నరు. సామాన్లేం వద్దు. మనిషివి రా, చాలు," అంది అందులో.

జనవరిలో ఒక శుక్రవారం. ఉత్తరపు గాలి ముఖాన్ని కోస్తోంది. మూడో పీపా దగ్గర వాళ్ల పడవ అందరికంటే ముందుంది. యాదగిరి నీళ్లకు జానెడు ఎత్తున వాలి ఉన్నాడు. మోకాళ్లు కొంచెం వంచాడు. తీగ వదులైంది. కుడిచెయ్యి నడుము మీదికి పోయింది. జ్వరమొచ్చినా, పిడుగులు పడుతున్నా, చెట్టు మీద ఆ చెయ్యి ఎన్నడూ అక్కడికి పోలేదు.

కొక్కెం విప్పేశాడు.

చల్లటి నీళ్లు తల మీద మూసుకున్నాయి. అయిపోయింది, ఇక ఇంటికే అనుకున్నాడు. పైకి తేలేసరికి తెరచాప నీళ్ల మీద పరుచుకుని ఉంది. పక్కకు పడ్డ పడవ అంచు మీద కాలిన్ కూర్చుని ఉన్నాడు.

పగలబడి నవ్వుతున్నాడు.

ఒడ్డున దొరలు చప్పట్లు కొట్టారు. దుప్పటి కప్పి, టీ ఇచ్చి, తాము ఎన్నెన్నిసార్లు పడ్డారో వేళ్ల మీద చూపించారు. కాలిన్ తన దేశంలో కొండల మధ్య ఉన్న సరస్సు గురించి చెప్పాడు. అంచులకు మంచు కట్టే ఆ నీళ్లలో చిన్నప్పుడు పూటకోసారి పడేవాడట. పడకపోతే నేర్చుకోవడం లేదని తండ్రి తిట్టేవాడట.

"ఎవ్రీబడీ ఫాల్స్, యాద్! నెక్స్ట్ ఫ్రైడే!" అని భుజం తట్టాడు.

వచ్చే శుక్రవారానికి ముందే యుద్ధం వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. కిటికీలకు టేపులంటించిన గదిలో, సైరన్ మోగినప్పుడల్లా నర్సింలు, యాదగిరి ఒకే మంచం కిందికి దూరేవారు.

యుద్ధం ముగిశాక క్లబ్బు ఆవరణలో ఖర్జూర చెట్ల ఎండు మట్టలు కొట్టమన్నారు. యాదగిరి ఉత్సాహంగా తాడు పేనుకుని మోకులా వేసుకున్నాడు. సగం ఎత్తుకి పోయి వెనక్కి వాలాడు. కొక్కెం విప్పిన కుడిచెయ్యి దానంతటదే నడుము మీదికి వచ్చి ముడి మీద ఆగింది. దాన్ని తీసి మానుకు అదిమిపెట్టాడు. మళ్లీ వాలాడు. మళ్లీ వచ్చింది.

ఎడమచేత్తో మాను కావలించుకుని, బట్టలు చీరుకుపోతున్నా జారుకుంటూ దిగాడు.

"ఏమైందిరా?" కింద మట్టలు లాగుతున్న నర్సింలు అడిగాడు.

"నువ్వెక్కు."

"నాకేడ వస్తదిరా? గౌండ్లోనివి నువ్వా, నేనా?"

యాదగిరి తాడు విప్పి చుట్టలు చుట్టాడు.

ఎండలు ముదిరేసరికి కాలిన్ భార్య తిరిగొచ్చింది. నడుము పట్టీ ఆమెకే పోయింది. ఆ వారమే కాలిన్ మేనేజరుతో మాట్లాడాడు. ఒక్క మాటతో పనైపోయింది.

కాంట్రాక్టరు ఆఫీసులో గుమాస్తా ఖాదర్‌ది నిజామాబాద్. పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి నవ్వాడు. "కొట్టిస్తున్న భాయ్, నీ ఎగ్జిట్. ఇగ మళ్ల రానవసరం లేదు."

యాదగిరి ఆ కుడిచేతిని బల్ల కిందికి దించుకున్నాడు.

"ఎగ్జిట్ వద్దన్నా. రీఎంట్రీ కొట్టియ్యి. పోయి మళ్లొస్త."

ఖాదర్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఇన్నొద్దులు ఎగ్జిట్, ఎగ్జిట్ అని పాణం తింటివి! ఊర్ల చెట్లున్నయంటివి గదా?"

"ఉన్నయి," అన్నాడు యాదగిరి.