ఎడమ కాలి గోలు

ఫైనల్లో గోలు కొట్టినవాడు ఆ గోలును మర్చిపోతాడా? నాకెక్కడో తేడా కొట్టింది.

బర్మాలోని తామ్వేలో మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. పక్క మైదానంలోని ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు తాము కప్పు గెలిచి యాభై ఏళ్ళు నిండాయని ఒక పుస్తకం వేయమన్నారు. పాత రికార్డులో ఉన్నది ఒకటే మాట: గోలు, కో మ్యా. ఆయన్ని వెతుక్కుంటూ బస్సెక్కి తన్లిన్ వెళ్ళాను. ఇక్కడ కుర్రవాళ్ళ పేరు ముందు 'కో', పెద్దవాళ్ళ పేరు ముందు 'ఊ' అంటారు; అప్పటి కో మ్యా ఇప్పుడు వయసు మీరి ఊ మ్యా అయ్యాడు. టీ ఇచ్చాడు, మోకాళ్ళ నొప్పుల గురించి గంటసేపు చెప్పాడు. గోలు ఎలా కొట్టారని అడిగితే మాత్రం, "గుర్తులేదు" అని కిటికీ వైపు చూశాడు.

తిరిగొచ్చి ఉక్రోషంగా ఆ మాట పోలయ్య తాతతో అన్నాను. పోలయ్య ఆ మైదానంలో సున్నంతో గీతలు గీసే మనిషి. నలభై ఏళ్ళుగా అదే పని. ఈ వయసులోనూ గీత వంకర పోనివ్వడు, తొక్కినవాణ్ణి ఊరికే వదలడు.

"గుర్తునేదా? బంతి కుడి మూల నుంచి వచ్చినాది. గోల్‌కీపరు ముందుకొచ్చీసినాడు. ఆడి నెత్తిమీంచి..." అంటూ ఆగిపోయాడు. చెబుతుంటే ఆయన ఎడమ కాలు దానంతటదే లేచింది.

"నీకెలా తెలుసు తాతా? చూశావా?"

"నీకెందుకు బాబూ ఆ గొడవ?"

నేను వదిలే రకం కాదు. నాలుగు రోజులు వెంటబడ్డాను. ఐదో రోజు సున్నం డబ్బా కింద పెట్టి చెప్పాడు. వాళ్ళ తాత విశాఖ నుంచి ఇక్కడి పోర్టులో బస్తాలు మోయడానికి వచ్చాడు. పోలయ్య పుట్టింది తామ్వేలోనే. అయినా చేతిలో ఉన్నది విదేశీయుల రిజిస్ట్రేషన్ పుస్తకం. జీతమిచ్చి ఆడించే క్లబ్బు అలాంటివాణ్ణి తీసుకోదు. ఫైనల్ ముందు కో మ్యాకు కాలు బెణికింది. స్నేహితుడి పేరుతో పోలయ్య దిగాడు. కోచ్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడదే క్లబ్బు ఆఫ్రికా నుంచి ఆటగాళ్ళను విమానం టిక్కెట్టు పెట్టి రప్పిస్తోంది. గేటు మీద వాళ్ళ నిలువెత్తు బొమ్మలు. ఆ గేటు లోపల సున్నం పోసేది ఈయన!

"నీ పేరేస్తాను తాతా."

"వొద్దు. మ్యాగాణ్ణి దొంగంటారు. ఎడం కాలితో కొట్టినాడని రాయి, సాలు." సున్నం డబ్బా మళ్ళీ ఎత్తుకున్నాడు. "అదొక్కటైనా నాదవుతాది."

అలాగే వేశాను.

పుస్తకం విడుదల సభలో ఊ మ్యాను ముందు వరసలో కూర్చోబెట్టారు. పుస్తకం తెరిచాడు, ఆ పేజీ దగ్గర ఆగాడు. ఎంతసేపటికీ తిప్పడు. తర్వాత లేచి, మైకు అడక్కుండానే బర్మా భాషలో అన్నాడు: "నాకు ఎడమ కాలితో బంతి తన్నడమే రాదు. ఆ రోజు నేను ఇంట్లో మంచం మీద ఉన్నాను. ఆడింది అదిగో, అతను."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. గోడవార నిలబడ్డ పోలయ్య పళ్ళు పటపట కొరికాడు. కళ్ళ నుంచి మాత్రం నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"యాభై ఏళ్ళు పట్టినాది ఈడికి, నోరు తెరవడానికి," అంటూ నా జబ్బ పట్టుకున్నాడు. "ఏటి సూస్తావు బాబూ? ఇప్పుడెయ్యి నా పేరు."

పెన్ను తీసి నూట ఇరవై ప్రతుల్లోనూ రాశాను. చివరిదాకా పక్కనే నిలబడి, ఒక్కో పేజీ చూసుకున్నాడు.